పెద్దాయన ఎందుకు ఫెయిలయ్యాడు

మా వదినకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో అందరికీ తెలుసు. మా మేడ కింద చెప్పులు బాగుచేసే ఆయన మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు విని ఆ రోజు ఆఫీసులో ఏం జరిగి ఉంటుందో చెప్పేస్తాడు. నాకూ కోపం తక్కువేం కాదు. మా ఇంట్లో అన్నయ్య ఒక్కడే నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాడు. ఫ్రిజ్‌లు బాగుచేసీ చేసీ ఆ చల్లదనం ఒంటికి పట్టేసిందని వదిన అంటుంది.

ఇప్పుడు ఆమె ఉద్యోగం పోయింది. "ఆ నోరే ఆవిడ కొంప ముంచింది" అని తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ తేల్చేస్తున్నారు. పరామర్శకు వచ్చిన మా పిన్ని కూడా కుర్చీలో సర్దుకుని కూర్చుని, టీ తాగి, అదే మాట అని వెళ్ళింది. నాకు ఒళ్ళు మండింది. వదిన నోరు పెద్దదే, కాదనను. కానీ ఆ కోపం దేని మీదో కనుక్కోకుండా నోరు గురించి మాట్లాడేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

వదిన మా ఇంట్లో కోడలిగా అడుగుపెట్టిన కొత్తలో ఆమె పని ఏమిటో నాకూ అర్థం కాలేదు. ఒకరోజు కూరగాయలు తరుగుతుంటే అడిగాను.

"నల్ల తెర మీద మనం మాటలు టైపు చేస్తాం. ఈ ఫైలు అక్కడ పెట్టు, ఆ ఫైలు తీసెయ్ అని. ఆ మాట విని కంప్యూటర్ చేత పని చేయించేదే షెల్. మా కంపెనీ దాన్ని తయారుచేస్తుంది," అంది.

"మరి నువ్వేం చేస్తావు?"

"కంప్యూటర్లను నడిపించే యూనిక్స్ అనేది ఒక ఇంటిపేరనుకో. ఇంటిపేరు ఒకటే, కానీ అన్నదమ్ములు ఎప్పుడో వేరుపడి ఎవరి కొంపలు వాళ్ళు కట్టుకున్నారు. ఒక్కో ఇంట్లో ఒక్కో అలవాటు. మా షెల్ అన్ని ఇళ్ళల్లోనూ ఒకేలా పనిచెయ్యాలి. చేస్తోందో లేదో చూడ్డం నా పని."

ఒకసారి ఆమె కళ్ళజోడు ఇంట్లో మరిచిపోతే ఇవ్వడానికి వెళ్ళి ఆ అన్నదమ్ములను చూశాను. జెరాక్స్ మెషీను దాటాక కిటికీ లేని గది. లోపల చలి, ఆగకుండా ఫ్యాన్ల హోరు. ఇనుప అరల్లో కంప్యూటర్లు, ఒక్కోదాని మీద వదిన చేతిరాతతో ఒక్కో కాగితం. ఒకదాని పేరు చాదస్తం. నిబంధనల పుస్తకంలో లేని పని ఒక్కటీ చెయ్యదట. ఇంకోటి బుడ్డోడు. అగ్గిపెట్టంత ఉన్నా అన్నిట్లో వేలుపెడుతుందట. బాగా మెరుస్తూ, అందరికంటే వేగంగా పనిచేసేది కొత్తపెళ్ళికొడుకు. చివరి అరలో, పసుపు తిరిగిన డబ్బాతో, గురక పెడుతున్నట్టు చప్పుడు చేస్తున్నది పెద్దాయన.

వదిన రోజూ షెల్‌కు వందలకొద్దీ చిన్న చిన్న పరీక్షలు ఈ యంత్రాలన్నిటి మీదా పెట్టేది. ఈ పని చెప్తే ఈ జవాబు రావాలి అని ముందే రాసి ఉంటుంది. వచ్చిన జవాబులో ఒక్క అక్షరం, ఒక్క ఖాళీ తేడా ఉన్నా ఫెయిల్. అయితే ఫెయిలైందల్లా షెల్ తప్పు కాదు. ఫైల్లో ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టమంటే ఒక యంత్రం అంకె ముందు బోలెడు ఖాళీ వదిలి చెప్తుంది. లెక్క సరైనదే, పరీక్ష మాత్రం ఫెయిల్. పేర్లను వరుసలో పెట్టమంటే ఒకటి పెద్దక్షరాల పేర్లన్నీ ముందు పెడుతుంది, ఇంకోటి అన్నీ కలిపి పెడుతుంది. ఈ ఫైలు చదవడానికి నీకు అనుమతి లేదు అని చెప్పాల్సిన పరీక్షను సర్వాధికారాలూ ఉన్న ఖాతాతో నడిపితే ఫెయిలౌతుంది, ఎందుకంటే ఆ ఖాతాకు "లేదు" అని చెప్పగలిగే ధైర్యం ఏ యంత్రానికీ ఉండదు.

ఇలాంటివి తేలాక వదిన వాటికి 'మాఫీ' ఇచ్చేది. ఫలానా యంత్రం మీద ఫలానా పరీక్ష ఫెయిలైతే కంగారుపడొద్దు, అది దాని అలవాటు అని. ఆ మాట ఆమె పెట్టిందే, ఆఫీసంతా వాడేవాళ్ళు. కానీ మాఫీ ఊరికే దొరికేది కాదు. ప్రతి ఫెయిల్‌నూ చేత్తో మళ్ళీ నడిపి, తిప్పి చూసి, ఇది యంత్రం అలవాటా షెల్ జబ్బా అని తేల్చుకున్నాకే ఇచ్చేది. తేల్చకుండా మాఫీ ఇమ్మని ఎవరైనా అడిగితే ఒంటికాలి మీద లేచేది.

ఆ ఆఫీసుకు కొత్త మేనేజరు వచ్చాడు. వదిన పెట్టిన పేరు పచ్చసారు. వచ్చీ రాగానే గోడకు పెద్ద టీవీ పెట్టించాడు. దాని మీద యంత్రానికో గడి. అన్ని పరీక్షలూ పాసైతే గడి పచ్చగా, ఒక్కటి ఫెయిలైనా ఎర్రగా ఉంటుంది. పైవాళ్ళు వచ్చినప్పుడల్లా వాళ్ళను ఆ టీవీ ముందు నిలబెట్టి టీ ఇప్పించేవాడు. ఆయనకు ఎరుపు గిట్టదు. అందుకని కొత్త పద్ధతి పెట్టాడు. పరీక్ష ఫెయిలైతే దానంతట అదే మళ్ళీ నడుస్తుంది, అప్పుడూ ఫెయిలైతే ఇంకోసారి. మూడుసార్లలో ఒక్కసారి పాసైనా పచ్చే.

ఆ రోజు చెప్పులాయన మెట్ల చప్పుడు విని పనిముట్లు సర్దేసుకున్నాడు. వదిన సంచీ సోఫా మీదికి విసిరి నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"మీ ల్యాబ్‌లో ఎవరికైనా షుగరు రెండుసార్లు ఎక్కువొచ్చి, మూడోసారి మామూలుగా వస్తే ఏం రాసిస్తావు?"

నేను రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌లో పనిచేస్తాను. "మామూలని రాసిస్తే డాక్టరుగారు నన్ను వీధిలోకి గెంటేస్తారు," అన్నాను.

"మా దగ్గరైతే స్వీట్లు పంచుతారు," అంది.

అన్నయ్య పేపరు మడిచాడు. "పోన్లే, పచ్చగా ఉంటే కంటికి మంచిదంటారు," అన్నాడు. వదిన ఆయన వైపు చూసిన చూపుకు టీ గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

అసలు గొడవ షెల్ కొత్త వెర్షన్‌తో మొదలైంది. దానికి పెట్టే వందల పరీక్షల్లో ఒక చిన్నది ఉంది. ఒక ఫైలుకు నకలు తియ్యి, అది పూర్తయ్యేదాకా ఆగు, తర్వాత పాతది చెరిపెయ్. అంతే. మిగతా అన్ని యంత్రాల మీదా పాసైంది. పెద్దాయన మీద ఒకరోజు పాస్, ఒకరోజు ఫెయిల్. మూడుసార్ల పద్ధతి వల్ల టీవీ మీద మాత్రం రోజూ పచ్చే. పెద్దాయన నెమ్మది, కంగారులో తడబడుతున్నాడు అనుకుని, ఈసారి తేల్చుకోకుండానే వదినే దానికి మాఫీ ఇచ్చింది.

ఇచ్చింది కానీ ఆమెకు నిద్ర పట్టలేదు. ఎప్పుడెప్పుడు ఫెయిలౌతోందో చూసింది. పెద్దాయన మీద వేరే టీమువాళ్ళు పెద్ద పెద్ద ఫైళ్ళు సర్దుతున్నప్పుడే ఫెయిలౌతోంది, తీరిగ్గా ఉన్నప్పుడు కాదు. అయితే అది ముసలితనం కాదు, పనిభారం అని ఆమెకు తట్టింది. వెంటనే కొత్తపెళ్ళికొడుకు నెత్తిన కూడా మోయలేనంత పని పెట్టి అదే పరీక్ష నడిపింది. ఆ మెరిసే యంత్రం కూడా ఫెయిలైంది.

ఆ సాయంత్రం ఆమె కోపం ఎవరి మీదా కాదు, తన మీదే. కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

"పెద్దాయన చెప్తూనే ఉన్నాడు. నేనే ముసలాడి గొణుగుడు అనుకున్నా," అంది.

"ఏం చెప్తున్నాడు?" అన్నాను.

"నకలు తీస్తున్నంతసేపూ షెల్ ఆగి ఉండాలి కదా. ఆ మధ్యలో యంత్రం ఏదో పనికి ఒక పిలుపు పిలుస్తుంది. పిలిస్తే పలికి, మళ్ళీ ఆగాలి. కొత్త వెర్షన్ పలుకుతోంది, తర్వాత తను ఎందుకు ఆగిందో మర్చిపోయి ముందుకెళ్ళిపోతోంది. వేగంగా పనిచేసే యంత్రంలో పిలుపు వచ్చేలోగా నకలైపోతుంది కాబట్టి తప్పు బయటపడదు. నెమ్మదైన యంత్రంలోనో, ఫైలు బాగా పెద్దదైతేనో, నకలు సగంలో ఉండగానే పాతది చెరిపేస్తుంది."

"చెరిపేస్తే?"

"ఇదీ ఉండదు, అదీ ఉండదు." ఆమె నీళ్ళగ్లాసు పక్కకు జరిపింది. "పెద్దాయన లాంటి పాత యంత్రం మీద మా షెల్ వాడేవాళ్ళు ఇప్పుడు కొద్దిమందే. అందులో మీ ల్యాబొకటి."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మా ల్యాబ్‌లో రక్తమే కాదు, ఒంట్లోంచి తీసిన గడ్డల ముక్కలు కూడా పరీక్షిస్తాం. ముక్కను పల్చగా కోసి, గాజుపలక మీద పెట్టి, మైక్రోస్కోపు కింద ఫొటోలు తీస్తాం. ఒక్కో ఫొటో ఒక సినిమా అంత బరువు. సాయంత్రం ల్యాబ్ మూసే ముందు ఆ ఫొటోలన్నిటికీ లోపలి గదిలోని పాత యంత్రం నకలు తీసి దాచి, ముందున్నవాటిని చెరిపేస్తుంది. కొందరి ముక్క గోరంత కూడా ఉండదు. పరీక్షకే అయిపోతుంది, మళ్ళీ కోద్దామన్నా మిగలదు. అలాంటివాళ్ళకు ఆ ఫొటోనే ఆధారం. ఫలితం కోసం మా వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చునేవాళ్ళ మొహాలు నాకు తెలుసు. వాళ్ళను పిలిచి, మీ ఫొటో పోయిందమ్మా అని ఎవరు చెప్తారు? చెప్పాల్సింది నేనే.

తర్వాత జరిగింది వదిన కొంత చెప్పింది, ఆ ఆఫీసులో టీ ఇచ్చే ఆవిడ కొంత చెప్పింది. వదిన మర్నాడు పచ్చసారు గదికి వెళ్ళి, ఇచ్చిన మాఫీ వెనక్కి తీసుకుంటున్నానని, తప్పు సరిచేసేదాకా కొత్త వెర్షన్ బయటికి పంపొద్దని చెప్పింది.

"మేడమ్, పంపే తేదీ పైవాళ్ళకు చెప్పేశాను," అన్నాడాయన. "టీవీ చూడండి, అంతా పచ్చగానే ఉందిగా."

"మీరు మూడుసార్లు నడిపితే పచ్చ. ఒక్కసారి నడిపితే ఎరుపు."

"ఒక్కసారైనా పాసౌతోందంటే పనిచేస్తున్నట్టేగా. మీరు యంత్రాన్ని చిత్రహింస పెడితే ఏ షెల్ అయినా తడబడుతుంది. అయినా ఆ పాత డొక్కు వాడేవాళ్ళెంతమంది? వాళ్ళ కోసం అందర్నీ ఆపమంటారా?"

అప్పుడు వదిన గొంతు పెంచలేదట. టీ ఆవిడకు అదే భయం వేసిందట. వదిన ఆయన బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, ఆయన కంప్యూటర్ ముందు వంగి నిలబడింది. అందులో పాప అనే ఫోల్డరుంది. ఆయన కూతురు పుట్టినప్పటినుంచి తీసిన వీడియోలన్నీ అందులోనే. పాకడం, తప్పటడుగులు, మొదటిసారి నాన్న అనడం. ఇంట్లో కంప్యూటర్లో చోటు లేక ఆఫీసులో దాచుకుని, వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. వదినకూ చూపించాడు, ముద్దుగా ఉందని వదిన మెచ్చుకుంది కూడా.

"వీటికి ఇంకెక్కడైనా నకలుందా సార్?" అని అడిగింది.

"లేదు. ఎందుకు?"

వదిన ఆయన యంత్రంలో కొత్త షెల్ తెరిచింది. దానికి బోలెడు పని అప్పజెప్పింది. తర్వాత ఒక్క వరుస టైపు చేసింది. పాప ఫోల్డరుకు పక్క డిస్కులో నకలు తియ్యి, అయ్యాక ఇక్కడ చెరిపెయ్. టైపు చేసి, చెయ్యి వెనక్కి తీసుకుని, పక్కకు జరిగింది.

"ఎంటర్ మీరు నొక్కండి సార్. మూడుసార్లు నొక్కొచ్చు. ఒక్కసారి మిగిలినా పాసే అన్నారుగా."

ఆయన వేలు కీబోర్డు దాకా వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది. తర్వాత ఆ చెయ్యి మెల్లగా ఒళ్ళోకి వచ్చేసింది.

"ఆ ల్యాబ్‌లో ఉన్నవీ ఎవరో ఒకరివే సార్," అంది వదిన.

"సరే మేడమ్. నేను చూస్తాను," అన్నాడు పచ్చసారు.

ఆ రోజు వదిన మెట్లెక్కిన చప్పుడు చెప్పులాయన పోల్చుకోలేకపోయాడు. నవ్వుతూ వచ్చింది. అన్నయ్యను బాల్కనీలోంచి లోపలికి పిలిచి, పచ్చసారు వేలు గాల్లో ఎలా ఆగిపోయిందో చేసి చూపించింది. ముగ్గురం పడీ పడీ నవ్వాం. "మనిషి మంచివాడేలే, కాస్త పచ్చ పిచ్చి," అంది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండిపోతుంది.

మర్నాడు ఆఫీసుకు వెళ్తే టీవీ మీద గడులన్నీ పచ్చగానే ఉన్నాయి. పెద్దాయన గడి మాత్రం లేదు. గదిలోకి వెళ్ళి చూసింది. చివరి అరలో గురక వినిపించడం లేదు. పెద్దాయన తీగలు పీకి, చుట్టచుట్టి, ఆయన మీదే పెట్టారు. ఇకపై ఆ యంత్రం మీద పరీక్షలు ఉండవని నోటీసు వచ్చింది. పాతవాళ్ళకు కూడా కొత్త వెర్షనే వెళ్తుంది, అయితే అక్కడ పనిచేస్తుందో లేదో ఇక ఎవరూ చూడరు. తప్పు అలాగే ఉంది, దాన్ని చెప్పే నోరే మూసేశారు. వెర్షన్ పొద్దున్నే బయటికి వెళ్ళిపోయింది.

వదిన పచ్చసారు గదికి పరిగెత్తింది. ఆయన లేడు. కంప్యూటర్ తెరిచే ఉంది. పాప ఫోల్డరు లేదు.

నొక్కాడేమో, పోయాయేమో అని మా పిచ్చి వదిన ముందు ఆయన కోసమే కంగారుపడిందట. గేటు దగ్గర కాపలా ఆయనను అడిగింది. సామాను ఏది బయటికి తీసుకెళ్ళినా ఆయనకు చూపించాలి.

"సారు నిన్న సాయంత్రం ఒక డిస్కు పట్టుకెళ్ళారమ్మా. పాప వీడియోలంట. అన్నీ కాపీ అయ్యాయో లేదో ఒక్కోటీ తెరిచి చూసుకుని మరీ వెళ్ళారు," అన్నాడు.

అంటే ఆయనకు తెలుసు. తెలిసే తన పాపను జాగ్రత్తగా ఇంటికి చేర్చుకుని, మిగతావాళ్ళను గాలికి వదిలేశాడు. అర్థం కాక చేసినవాణ్ణి నేను క్షమించగలను. అర్థమయ్యాక, వేలు వెనక్కి తీసుకున్నాక, పెద్దాయన తీగలు పీకించినవాణ్ణి ఏమనాలో నాకు తెలిసిన భాషలో మాట లేదు. ఉన్న మాటలు ఇక్కడ రాయలేను.

వదిన సంచీ కూడా తీసుకోకుండా నడుచుకుంటూ మా ల్యాబ్‌కు వచ్చింది. నేను ఒక పెద్దావిడకు రక్తం తీస్తున్నాను. వదిన మొహం చూసి సూది తీసి, దూది అదిమి, ఆవిడ చెయ్యి మడిచిపెట్టి లేచాను. వదిన డాక్టరుగారి గదిలోకి వెళ్ళి, కొత్త వెర్షన్ ఎక్కించొద్దని చెప్పింది.

"మీ కంపెనీ నుంచి పొద్దున్నే మెసేజ్ వచ్చిందమ్మా. అన్ని పరీక్షలూ పాసైందని రాశారే," అన్నారు డాక్టరుగారు.

"ఫెయిలైన యంత్రాన్ని ఆపేసి రాశారు సార్."

డాక్టరుగారు నా వైపు చూశారు. "మీ వదినేనా? ఏమంటావు?"

"రెండుసార్లు చెడ్డగా వచ్చి ఒకసారి మంచిగా వస్తే మంచిదని రాసిన రిపోర్టు సార్ అది. నేను రాసుంటే మీరు ఊరుకునేవారా?" అన్నాను. నా గొంతు పెద్దదై ఉంటుంది, వరండాలో అందరూ తలలెత్తి చూశారు.

డాక్టరుగారు లోపలి గదికి ఫోన్ చేశారు. సాయంత్రం ఎక్కించాల్సింది ఆపించారు. వదిన మా ల్యాబ్ ఫోనులోనే ఆ పాత యంత్రం వాడే మిగతావాళ్ళకూ ఒక్కొక్కరికీ చెప్పింది. కొందరు విన్నారు. ఒకాయన మాత్రం, ఇంతకీ మీరెవరండీ, మేనేజరుగారితో మాట్లాడించండి అన్నాడు. వదిన ఆయనకు మొదటినుంచీ మళ్ళీ చెప్తుండగానే పెట్టేశాడు.

ఆమె వరండాలోకి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేసరికి ఆమె సెల్‌కు ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. కంపెనీ లోపలి విషయాలు బయటివాళ్ళకు చెప్పినందుకు రేపటినుంచి రావక్కర్లేదని. చదివి నాకిచ్చింది. పక్క కుర్చీలో నేను రక్తం తీసిన పెద్దావిడ మోచేయి మడుచుకుని, ఏమైందమ్మా అని అడుగుతోంది. ఆవిడ మెడ దగ్గర గడ్డలోంచి తీసిన ముక్క ఫొటో ముందురోజే తీశాం. గోరంత ముక్క. ఆవిడకు ఇవేమీ తెలియవు. ఏం లేదండీ అంది వదిన.

నేను బీపీ చూసే మెషీను తెచ్చి పట్టీ చుట్టాను. అంకె చూసి నాకు భయం వేసింది.

"ఇంతుండకూడదు వదినా. కాసేపు కళ్ళు మూసుకుని కూర్చో. ఇంకోసారి చూస్తే తగ్గుతుంది," అన్నాను.

వదిన పట్టీ విప్పేసి నా చేతిలో పెట్టింది.

"అక్కర్లేదు. మొదటిసారి వచ్చిందే రాయి," అంది.